ఉడుముల బండ తెల్లగొడుగు

రోహిణి కార్తె చివర

నేను వకుళ. జీవ నమోదు శాఖలో శిలీంధ్రాల పరిశీలకురాలిని. దినచర్య మొదట్లో పేరూ పనీ రాయాలని శాఖ నియమం. రాసేశాను. ఇక నా గోడు రాసుకుంటాను.

ఉడుములకొట్టాలకు బండి దారి లేదని నాకెవరూ చెప్పలేదు. బండి దిగిన చోటి నుంచి నెత్తి మీద పరికరాల పెట్టె, చంకలో పరుపుచుట్ట, కాళ్ళ కింద తుమ్మముళ్ళు. దారిలో నన్ను చూసి నవ్వని మేక లేదు. ఊరు చేరేసరికి నాలుక పిడచగట్టింది. ఒక ముసలావిడ చెంబుడు మజ్జిగ చేతిలో పెట్టి, నేను తాగేదాకా మాట్లాడనివ్వలేదు. ఆమె పేరు ఓబుళమ్మ. నేను ఉండబోయేది ఆమె ఇంట్లోనే.

"ఇంత ఎండలో ఏంటికొచ్చినావు పాపా?" అంది.

"పుట్టగొడుగు కోసం అవ్వా."

"దానికోసరం ఇంత దూరమా! మీ ఊర్లో ఏమీ దొరకదా తినేదానికి?"

తినడానికి కాదని చెప్పడానికి నాకు చాలాసేపే పట్టింది. సంగతి ఇది. ఈ ఊరి నెత్తిన ఉన్న రాతిగుట్ట పేరు ఉడుముల బండ. దాన్ని చదును చేసి, మబ్బుల్ని పిండి వాన కురిపించే గాలిపటాల కేంద్రం కడతామని మేఘ సంస్థ పోయినేడు కొలతలు తీసింది. ఆ ఫోటోల్లో ఒక చెదపుట్ట మీద తెల్లటి పుట్టగొడుగు పడింది. నెత్తిన సూదిలా మొన. బతికున్న జాతుల మా జాబితాలో దానికి జోడు దొరకలేదు. పేరు తెలియని ప్రాణి ఉన్న చోట పార పెట్టకూడదని చట్టం. కాబట్టి అదేమిటో, ఎందుకు ఇక్కడే బతుకుతోందో నేను తేల్చాలి. అరుదైన అడవి జాతి అని తేలితే బండ ఉంటుంది, బండ కింద ఊరూ ఉంటుంది. తేలకపోతే పుష్య‌మి కార్తెలో యంత్రాలు వస్తాయి. ఊరివాళ్ళు మూటలు కట్టుకోవాలి.

నిజం చెప్పాలంటే నాకు ఊరి కంటే పుట్టగొడుగు మీదే ఆత్రంగా ఉంది. పుట్టల మీద మొలిచేవాటిని నేను సీసాల్లో తప్ప చూడలేదు. మా అమ్మ చిన్నతనంలో బుట్టలకొద్దీ దొరికేవట. గత నలభై ఏళ్ళలో ఒక్కో రకమే కనపడకుండా పోయింది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ దురద.

రాత్రి సంగటి, చెనక్కాయల పచ్చడి, అంటే వేరుశనగలదే. కారానికి చెవుల్లోంచి పొగలు వచ్చాయి. అయినా రెండో ముద్ద అడిగాను.

మృగశిర, వాన రోజు

ఇవాళ వానకు ఈ ఊరి వంతు. పొద్దున్నే మేఘ సంస్థ గాలిపటాలు వచ్చి మబ్బు కడుపు కింద బారుగా నిలబడ్డాయి. మబ్బు పైకి ఎదగకముందే పిండేశాయి. చెప్పిన వేళకు మొదలై చెప్పిన వేళకు ఆగింది వాన. పిండని మబ్బు కురవదని మేం బడిలో చదువుకున్నాం, ఆ పిండటం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

ఊరి క్రమశిక్షణకు ముచ్చటేసింది. మబ్బులో చినుకు ఎదిగే చప్పుడును బట్టి గాలిపటాలు పిండుతాయి. అందుకని వానపూట కింద ఎవరూ పెద్ద సద్దు చేయకూడదు. చేస్తే ఆ ఊరికి ఒక వంతు వాన కోత. మా ఊళ్ళో అయితే ఎవడో ఒకడు తలుపు దబ్బున వేస్తాడు. ఇక్కడ మేకల మెడల్లో గంటలకు కూడా గుడ్డలు చుట్టారు. పిల్లలంతా అరుగుల మీద గమ్మున కూర్చుని నన్నే చూస్తున్నారు. నేను తుమ్మితే నలుగురు ఉలిక్కిపడ్డారు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. వాన వెలిసింది, నేల పదునుగా ఉంది, విత్తనాలు సంచుల్లో సిద్ధంగా ఉన్నాయి. ఒక్కరూ విత్తే గొర్రు కట్టలేదు. ఓబుళమ్మ అల్లుడు మద్దిలేటి ఊరికి పెద్ద దిక్కు. అతన్ని అడిగాను.

"విత్తరా అన్నా?"

"ఇత్తుతాం మేడమ్. పొద్దు బాగలేదు."

"పదును ఆరిపోదా?"

"ఆరితే ఆరనీ" అని మొహం తిప్పుకున్నాడు. అతని కాళ్ళు మాత్రం చేను వైపే లాగుతున్నాయి. పదును నేలను వదిలేసి ఇంట్లో కూర్చోవడం రైతుకు ఎంత కష్టమో ఆ నడకలోనే కనపడింది.

మృగశిర, నడుమ

పుట్టగొడుగు రాలేదు. నేల తేమ సరిపోయింది. వేడి సరిపోయింది. బండ చుట్టూ ఉన్న పుట్టలన్నీ తిరిగి చూశాను. ఒకదాన్ని పక్కనుంచి జాగ్రత్తగా తవ్వి లోపలికి తొంగి చూశాను కూడా. చెదలు భలే సేద్యగాళ్ళు. ఎండుపుల్లలు నమిలి తెచ్చి లోపల బూజు తోట వేసుకుంటాయి, ఆ బూజు తిని బతుకుతాయి. ఆ తోటకు పూసే పువ్వే పుట్టగొడుగు. తోట పచ్చిగా, నిండుగా ఉంది. ముత్యాల్లాంటి తెల్ల గింజలు కూడా వేసింది. అంటే అన్నీ సిద్ధం, గడప దాటి బయటికి రావడమే తక్కువ. ఎందుకు రాదు?

"పోయినేడు వచ్చిందా అవ్వా?"

"వచ్చినాయి. కూర చేసుకుంటిమి."

"అంతకు ముందేడు?"

"ప్రతేడూ వస్తాయి పాపా. ఈయేడే రాలే." ఆ మాట అని, నా వైపు ఎగాదిగా చూసి, "నీ పెట్టెకు బెదిరినాయేమో" అంది.

నాకు మండింది. నా పెట్టె ఎవర్నీ బెదిరించదు. కానీ అవ్వ చూపు పెట్టె మీద లేదు, నా మీద ఉంది. ఊరంతా అలాగే చూస్తోంది. మర్యాదగా పెడుతున్నారు, మర్యాదగా మాట్లాడుతున్నారు, నేను ఎప్పుడు వెళ్తానా అని మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

మా పై అధికారి దైవప్రసాద్ గారు రేడియోలో పలికారు. "వకుళా, మేఘ సంస్థ తొందరపెడుతోంది. పునర్వసు దాటితే నేను ఆపలేను." ఫోటో ఉంది కదా అన్నాను. "ఫోటోకి వేరు ఉండదు, వాసన ఉండదు. పుట్టగొడుగు చూపించు" అన్నారు. ఆయన చెప్పింది సబబే కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

ఆరుద్ర, వాన రోజు

అక్షరాలు వంకరపోతే పోనీ, ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

రెండో వంతు వాన మధ్యాహ్నం మొదలైంది. ఈసారి బండ పైనుంచే చూద్దామని ఎక్కాను. బండ నడినెత్తిన మేకల దొడ్డి ఒకటుంది. వానకు అడ్డంగా పరదా కట్టుకుని కూర్చుందామంటే గాలికి అది నిలవలేదు. అంచు మీద పెట్టడానికి రాయి కోసం వెతికాను. దొడ్డిలో గడ్డివామి అడుగున చేతికి అందే సైజులో మంచి రాయి కనిపించింది. లాగాను. గట్టిగా ఇరుక్కుని ఉంది. నేనూ మొండిదాన్నే, రెండు చేతులా పట్టి లాగాను.

గడ్డివామి కదిలింది. గడ్డిలోంచి ఇనప పీపా ఒకటి బయటికి దొర్లింది. నేను లాగింది దాని కింది ఆపురాయి! పీపా నిండా గుండ్లు. అది నా పక్కనుంచి దొడ్డి దాటి, వాలుగా ఉన్న బండ మీద పడి, కిందికి దొర్లుకుంటూ పోయింది.

ఆ చప్పుడు ఎలా రాయను? నా పుట్టుకలో అంత చప్పుడు వినలేదు. పళ్ళు కదిలాయి. కాళ్ళ కింద బండ అదిరింది. పీపా కింద ఇసుకలో కూరుకుపోయి ఆగాక కూడా ఎదుటి గుట్ట ఆ చప్పుడును తిప్పి కొడుతూనే ఉంది. నేను పరదా కప్పుకుని బోర్లా పడుకుని ఉన్నాను. సిగ్గేముంది, భయపడ్డాను.

లేచి చూస్తే ఊరంతా బయట నిలబడి ఉంది. మద్దిలేటి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నా కొంప మునిగిందనుకున్నాను, వీళ్ళ వంతుకు కోత తెచ్చానని. అంతలో కిందనుంచి ఓబుళమ్మ కేక.

"ఉరిమింది! ఏమి చూస్తాండారు, గొర్లు కట్టండిరా!"

అంతే, ఊరు ఊరంతా చేలల్లో పడింది. ఆడవాళ్ళు ఒడిలో విత్తనాలు పోసుకుని పరుగు. ఇన్నాళ్ళు అరుగుల మీద గమ్మున కూర్చున్న పిల్లలు "మళ్ళీ, మళ్ళీ" అని గంతులు. నేను బండ మీద తడుస్తూ నోరు తెరుచుకుని చూస్తున్నాను.

సాయంత్రం అవ్వ అంతా చెప్పింది. నలభై ఏళ్ళ కిందట గాలిపటాలు వచ్చిన కొత్తల్లో వానలు సద్దు లేకుండా పడటం మొదలైందట. ఉరుము వినకుండా విత్తనం వేయడానికి అప్పటి పెద్దవాళ్ళకు చెయ్యి రాలేదు. నేల నిద్ర లేవకుండా విత్తేదెట్లా అన్నారట. అందుకని పాత డీజిల్ పీపాలో గుండ్లు నింపి, తొలివానకు బండ మీద దొర్లించి, ఆ సద్దు విని విత్తారు. అప్పటి నుంచి అదే పద్ధతి. సద్దు పట్టుకోవడానికి సంస్థ పాతిన చెవిస్తంభం రెండు గుట్టల అవతల ఉంది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఈ ఏడాది ఆఫీసు మనిషిని నేనొచ్చి తిష్ఠ వేశాను, పీపా గడ్డిలోకి పోయింది.

"అంటే నేను వెళ్ళేదాకా విత్తకుండా కూర్చునేవాళ్ళా?"

"ఏం చేసేది మరి! నీకేమో సంగటి నచ్చె, పోయేటట్టు లేవు" అంది అవ్వ.

ఆరుద్ర, వాన వెలిసిన మూడోనాడు

వచ్చింది. వచ్చింది. వచ్చింది.

పీపా దొర్లిన దారికి అటూ ఇటూ ఉన్న పుట్టల మీద, పొద్దున్నే, పుట్టమన్ను చీల్చుకుని. ఎక్కడా ఒంటరిగా లేవు, గుంపులు గుంపులు. గొడుగు జానెడు వెడల్పు. తెలుపులో కొంచెం పాల మీగడ రంగు. నెత్తిన ఆ సూది మొన మాత్రం ఇటుకరంగు. ఒకదాన్ని చుట్టూ తవ్వుకుంటూ పోయాను. కాడ మట్టిలోకి దిగి, సన్నబడి, నా మోచెయ్యంత లోతుకు వెళ్ళి బూజు తోటలో కలిసింది. మిగతా రకాలకు కాడ నున్నగా ఉంటుంది, దీనికి పొలుసులు పొలుసులుగా రెండు వరసల పట్టీ ఉంది. వాసన వేయించిన చెనక్కాయలదే. అవ్వ వంటింటి వాసన ముక్కులో ఉండిపోయిందేమోనని అనుమానం వచ్చి, వాగు దాకా నడిచి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ వాసన చూశాను. చెనక్కాయలే.

గొడుగును నల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూత పెట్టాను. మధ్యాహ్నానికి రేకుల అచ్చు పడింది. బీజాల పొడి లేత గులాబీ రంగు. పరికరంలో చిన్న ముక్క వేసి పాత నమూనాలతో పోల్చాను. ఒక్కదానితో అతికింది. నిశ్శబ్ద వానలకు ముందు కాలంలో, ఇదే జిల్లాలో ఎవరో తీసి ఎండబెట్టిన నమూనా. దాని పక్కన 'అంతరించింది' అని రాసి ఉంది. అంతరించింది అన్నదాన్ని నేను చేత్తో పట్టుకుని ఉన్నాను! ఆనందం పట్టలేక అవ్వను కావలించుకున్నాను. "ముందు చెయ్యి కడుక్కోపో" అంది.

తర్వాతే బుర్ర పని చేసింది. బండ వెనక పుట్టల మీద ఒక్కటీ లేదు. అదే వాన, అదే మన్ను, అవే చెదలు. పీపా దారి పక్కన మాత్రమే ఉన్నాయి. మృగశిరలో వాన పడింది, పీపా దొర్లలేదు, ఒక్కటీ రాలేదు. నేను నేలను కొలిచాను, నీటిని కొలిచాను, ఎండను కొలిచాను. చప్పుడును కొలవాలని తట్టనే లేదు. ఉరుము వినని తరం కదా, వానకూ చప్పుడుకూ చుట్టరికం ఉంటుందని నాకెలా తెలుస్తుంది? తోటలోని ఆ తెల్ల గింజలకు అదురు తగిలితే తప్ప పైకి రావడం లేదు. పుట్టగొడుగులు ఎందుకు కనుమరుగయ్యాయో నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాం. మబ్బులకు ఉరిమే అవకాశం మనం ఇవ్వలేదు, అంతే.

మద్దిలేటికి చెప్పాను. అతను పుట్టనూ పీపానూ మార్చి మార్చి చూశాడు. "మేము ఇత్తనానికని దొర్లిస్తాంటిమి మేడమ్. ఇది దీనికి గూడా అని మాకేం ఎరుక!"

ఆరుద్ర చివర

మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. నివేదికలో 'ఆవాసం' అనే గడి ఒకటుంది. ఈ జాతి బతకడానికి ఏం కావాలో అక్కడ రాయాలి. ఉరుము అని రాస్తే, ఇక్కడ ఉరుము ఎక్కడిది అంటారు. పీపా అని రాస్తే ఊరికి కోత. అసలు రాయకపోతే నివేదిక చెల్లదు, బండ పోతుంది.

అవ్వ ఇంటి ముందు ఊరంతా కూర్చుంది. నేనే ముందు చెప్పాను. "పీపా నాదని రాస్తాను. పరీక్ష కోసం నేనే తెచ్చి దొర్లించానని. శిక్ష నాకు పడుతుంది."

"నువ్వు ఆ పీపాను ఎత్తుకోని వచ్చినావంటే నమ్మేదెవురు?" అన్నాడు మద్దిలేటి. "పెట్టె మోసుకోని వచ్చేదానికే నీకు పానం పాయ."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మరేం చేద్దాం అన్నా?"

"కోత పడితే చేను ఎండుతాది. ఇప్పుడే మొలిచింది." అతని గొంతు తగ్గింది. "బండ పోతే ఊరే పోతాది. యాడికి పోయినా ఇంగో చేను దున్నుకోవచ్చు గాని, ఈ బండ యాడ దొరుకుతాది?"

"ఉన్నది ఉన్నట్టు రాయి పాపా" అంది ఓబుళమ్మ. "దొంగతనం చేయలే గదా మనం. ఉరిమినాం."

రాశాను. పంపాను.

పునర్వసు మొదట్లో

జవాబు వచ్చింది. దైవప్రసాద్ గారు స్వయంగా చదివి వినిపించారు. జాతి గుర్తింపు సరైనదే అట. అభినందనలు అట. అయితే మనుషులు పీపా దొర్లించి మొలిపించినది అడవి జాతి కాదట, పంట అట. పంటకు రక్షణ చట్టం వర్తించదు. పుష్యమిలో చదును పని మొదలు. ఇక సద్దు చేసినందుకు ఈ కార్తె వంతు కోత. సద్దు చేసిన చోటికి చెవికి వినపడేంత దూరంలో ఏ గాలిపటమూ ఎగరదు.

"సార్, ఆ పుట్టగొడుగును పండించేది చెదలు. చెదలు పండిస్తే అడవిది, మనిషి చప్పుడు చేస్తే పంటా?"

"నాతో వాదించి ఏం లాభం వకుళా. మనిషి చేయి పడకుండా మొలిచినట్టు చూపించు, నేనే సంతకం పెడతాను."

రేడియో కట్టేసి గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఈ ఊరికి నేనొచ్చి ఒరగబెట్టింది ఇది. ఉన్న వంతు పోయింది, ఉన్న బండ పోతోంది. ఎవరైనా నన్ను తిడితే బాగుండేది. అవ్వ వచ్చి పక్కన కూర్చుని, సంగటి ముద్ద చేతిలో పెట్టి, తినేదాకా కదల్లేదు. మొలకలు అప్పటికే వాడుముఖం పట్టాయి.

పునర్వసు, కోత పడిన రోజు

ఆకాశంలో గాలిపటాలు లేవు. వంతు రోజున ఇలాంటి బోసి ఆకాశం ఎవరూ చూడలేదు. వంతు కాని రోజున పక్క ఊరి గాలిపటాలైనా మబ్బును దారిలోనే పిండేసేవి. మబ్బు మాత్రం వచ్చింది, దానికి కోత సంగతి తెలియదు కదా. పిండేవాళ్ళు లేరు కాబట్టి దాటిపోతుందని అందరం అరుగుల మీద దిగాలుగా చూస్తున్నాం.

అది దాటిపోలేదు. పైకి ఎదగడం మొదలుపెట్టింది. మబ్బు అంత ఎత్తుకు ఎదుగుతుందని నాకు తెలియదు. మద్దిలేటికీ తెలియదు. అడుగు నల్లబడింది, ఊరంతా చీకటి పడింది. ఓబుళమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"చెట్ల కింద ఎవురూ ఉండాకండి! పిల్లోళ్ళను లోపలికి తోలండి, బిన్నా!" అని అరిచింది. వాళ్ళ నాన్న చింతచెట్టు కింద నిలబడి పిడుగుపాటుకు పోయాడని ఆమె ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ పిల్లల్ని లోపలికి తోస్తూ చెప్పింది.

ముందు వెలుగు. కళ్ళు మూసుకున్నా రెప్పల లోపలికి వచ్చే వెలుగు. తర్వాత ఉరుము. పీపా చప్పుడు విని నాకంతా తెలుసనుకున్నాను, నా మొహం! అది బండ మీద దొర్లింది, ఇది ఆకాశమంతా దొర్లింది. ఒక కొసన మొదలై, ఇంకో కొస దాకా పోయి, అక్కడ కూడా ఆగలేదు. ఇంట్లో గిన్నెలు మోగాయి. పిల్లలు గుక్కపట్టారు. నేను మంచం కిందకు దూరాను. మంచం కింద అప్పటికే మద్దిలేటి ఉన్నాడు. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చాడు.

ఆ పైన వాన. పిండకుండానే! ఎవరూ వేళ చెప్పని వాన, ఎప్పుడు ఆగుతుందో తెలియని వాన. బడిలో చెప్పిందంతా ఆ నీళ్ళలో కొట్టుకుపోయింది. అవ్వ గడపలో కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. "ఇదీ! ఇదీ ఉరుమంటే! యాడికి పోయినావే ఇన్నేండ్లు!"

వాన పడుతుండగానే రేడియో మోగింది. దైవప్రసాద్ గారి గొంతులో కంగారు. "వకుళా, పదకొండు చెవిస్తంభాలు ఒకేసారి మోగాయి! మళ్ళీ దొర్లించారా?"

"సార్, పదకొండు స్తంభాలకు వినపడే పీపా ఎక్కడైనా ఉంటే నాకూ చూపించండి."

"మరి ఆ సద్దు ఎవరు చేశారు?"

"కిటికీ తెరిచి పైకి చూడండి" అన్నాను. అవతల కిటికీ రెక్క కిర్రుమనడం వినపడింది.

వెలిశాక బయటికి వెళ్ళి చూస్తే వాగు గట్టున ఈతచెట్టు నిలువునా చీలి ఉంది. దాని కింద మద్దిలేటి మేక ఒకటి చచ్చిపడి ఉంది. అతను పక్కన కూర్చుని దాని మెడలోని గంట విప్పి తీసుకున్నాడు.

పుష్యమి

బండ వెనక మొలిచాయి. వాగు అవతల మొలిచాయి. పీపా చప్పుడు ఎన్నడూ వినని పుట్టల మీద కూడా మొలిచాయి. సూది మొన, పొలుసుల పట్టీ, చెనక్కాయల వాసన, గులాబీ పొడి. ప్రతి పుట్ట దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చూశాను, మోకాళ్ళ చర్మం లేచిపోయింది.

దైవప్రసాద్ గారు స్వయంగా వచ్చారు. ఆయన కూడా ముళ్ళ దారిలో నడిచే వచ్చారు, అది నాకు కొంచెం సంతోషం. వాగు అవతల పుట్ట దగ్గర వంగి, వాసన చూసి, ఇటుకరంగు మొనను వేలితో తాకి, "అడవిదే" అన్నారు. ఊరివాళ్ళు కేకలు వేశారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పూర్తిగా వినండి. అడవి జాతి కాబట్టి దాని ఆవాసాన్ని కాపాడాలి. అంటే ఈ బండ మీది మబ్బును ఇక ఎవరూ పిండకూడదు. మీకు వంతు ఉండదు. మబ్బు వస్తే వాన, రాకపోతే లేదు. పిడుగు పడితే అడిగేవాళ్ళు లేరు. అలా ఇష్టం లేనివాళ్ళకు కింద ఇళ్ళు ఇస్తాం, వంతు కూడా ఇస్తాం. ఆలోచించుకుని చెప్పండి."

కేకలు ఆగిపోయాయి. ఇంత దూరం ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఒకావిడ చంటిపిల్లను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. చేనుకు ఎప్పుడు నీళ్ళొస్తాయో తెలియకుండా బతికిన రోజులు ఇక్కడ అవ్వ ఒక్కదానికే గుర్తు. మద్దిలేటి చేతిలో గంట ఉంది. దాన్ని చూస్తూ అడిగాడు.

"అత్తా, రాకుంటే?"

"రాకుంటే తిడతాం" అంది ఓబుళమ్మ. "నలభై ఏండ్లుగా వాన తక్కువైతే వీళ్ళ ఆపీసుకు అర్జీ పెట్టుకోని చేతులు కట్టుకోని నిలబడతాండాం. మబ్బును నోరారా తిట్టి ఎన్నేండ్లాయరా!"

మద్దిలేటి నవ్వాడు. అతను నవ్వగా నేను చూడటం అదే మొదలు. వెనక ఎవరో అప్పుడే ఆకాశం వైపు మొహమెత్తి ఒక తిట్టు తిట్టారు, దానికి ఇంకొకరు ఇంకా పెద్దది కలిపారు. చంటిపిల్ల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. దైవప్రసాద్ గారికి ఆ తిట్లలో సగం అర్థం కాలేదు. ఏం రాసుకోవాలో తెలియక నా వైపు చూశారు.

"ఊరు ఒప్పుకుందని రాసుకోండి సార్" అన్నాను.